పాటల కోసం ఒక చిన్న పెట్టె

ఇవాళ సెలవు, పొద్దున్నుంచి వేరే పనేం ముట్టుకోలేదు, పాటలు వినడానికి విడిగా ఒక చిన్న కంప్యూటర్ పెట్టుకుందామని పార్ట్స్ చూస్తూ కూర్చున్నా. డెస్క్‌టాప్ ఉందిగా అంటే ఉంది, కానీ దాంట్లో మెల్లగా సాగే పాట వింటే పాట కన్నా ముందు ఫ్యానే వినిపిస్తుంది. పైగా హెడ్‌ఫోన్స్ దాని జాక్‌కే పెడితే మౌస్ కదిపినప్పుడల్లా చెవిలో సన్నగా చిర్రుమంటుంది, పేజీ స్క్రోల్ చేస్తే అదే చప్పుడు ఇంకో రకంగా. బోర్డు మీద సౌండ్ చిప్ పక్కనే ప్రాసెసర్‌కి కరెంటిచ్చే సర్క్యూట్లు, గ్రాఫిక్స్ కార్డు, అన్నిటికీ గ్రౌండ్ ఒకటే, ఇంక ఆ గోల సౌండ్‌లోకి దూరకుండా ఎలా ఉంటుంది.

మధ్యలో తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా ఎలాగూ కొంటున్నావ్ కదా, మంచి ప్రాసెసర్ వేసేయ్, ఒక గ్రాఫిక్స్ కార్డ్ కూడా" అంటాడు. ఒరేయ్ పాటకెందుకురా అవన్నీ అని లెక్క చెప్పా. సీడీ పాట అంటే సెకనుకి 44,100 శాంపిల్స్, అంటే సౌండ్‌ని అన్నిసార్లు కొలిచిన అంకెలు, ఒక్కోటి 16 బిట్స్, రెండు ఛానెళ్ళు, అంతా కలిపితే సెకనుకి 14 లక్షల బిట్స్ చిల్లర. పోనీ 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ ఫైలే అనుకో, అది 92 లక్షలు. పాత యూఎస్‌బీ 2.0 మోసేది 48 కోట్లు! చెంబుడు నీళ్ళకి ఏనుగు తొండమంత పైపు వేసినట్టు. ఫ్లాక్ ఫైల్, అంటే నాణ్యత పోకుండా కుదించిన పాట, దాన్ని విప్పడం కూడా ఇప్పటి ఏ ప్రాసెసర్‌కీ లెక్కలోకి రాని పని. గది శబ్దాన్ని సరిచేసే ఫిల్టర్లు, శాంపిల్ రేటు పెంచే అప్‌శాంప్లింగ్ లాంటి సరదాలుంటేనే కొంచెం బలం కావాలి, నాకవి లేవు. వాడికి నచ్చలేదనుకో, సరే నీ ఇష్టం అని పెట్టేశాడు.

నా లెక్కలో పాటల కంప్యూటర్‌కి ఉండాల్సిన మొదటి గుణం నోరు మూసుకుని ఉండటం. అందుకే ఫ్యాన్ లేనిది, తిరిగే డిస్క్ లేనిది చూశా. రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతంత బోర్డు కంప్యూటర్ గురించి కూడా ఆలోచించా, చవక, చప్పుడుండదు, కాకపోతే 3 వరకు వచ్చిన మోడల్స్‌లో నెట్ కేబులూ యూఎస్‌బీ ఒకే దారిలో వెళ్తాయి, 4 నుంచి ఆ బాధ లేదు. ఇంట్లో మిగతావాళ్ళు కూడా వాడతారని చివరికి ఇంటెల్ ఎన్100 ఉన్న ఫ్యాన్‌లెస్ మినీ పెట్టె దగ్గర ఆగా, ఆ చిప్ రేటింగే 6 వాట్లు, వేడేం ఉంటుంది. 8 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ, చాలు. ఫ్లాక్‌లో పాట సీడీ సైజులో సగానికి అటూఇటూగా వస్తుంది, ఒక్క బిట్ పోదు, కాబట్టి పెద్ద డిస్క్ కూడా అక్కర్లేదు. బ్యాకప్ డిస్క్ ఎక్కడో వేరే గదిలో తిరుగుతుంటే తిరగనీ.

మిగిలిన డబ్బంతా డాక్ మీద, అంటే అంకెల్ని సౌండ్‌గా మార్చే డబ్బా మీద. కంప్యూటర్ బయట ఉంటుంది కాబట్టి ఆ చిర్రు సగం ఇక్కడే పోతుంది. ఎసింక్రనస్ యూఎస్‌బీ ఉన్నదే తీసుకోవాలి, అందులో కంప్యూటర్ తోసినప్పుడల్లా డేటా తీసుకోవడం కాదు, డాకే తన గడియారం ప్రకారం ఎంత కావాలో అంత అడిగి తెప్పించుకుంటుంది. ఇక బంగారు పూత యూఎస్‌బీ కేబుల్ వల్ల పాట తియ్యగా మారుతుందనే వాళ్ళతో నేను వాదించను, కొనను కూడా.

ఎక్కువసేపు పట్టింది హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ దగ్గర. నావి 32 ఓమ్స్‌వి, డాక్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకి దాని సొంత అడ్డు, అందులో ఎనిమిదో వంతు, అంటే 4 ఓమ్స్ లోపు ఉంటే మంచిది, లేకపోతే చాలా హెడ్‌ఫోన్స్‌లో బేస్ దగ్గర సౌండ్ రంగు మారిపోతుంది. ఈ ఒక్క అంకె సగం కంపెనీలు పేజీలో రాయనే రాయవు, శాంపిల్ రేటు 768 కిలోహెర్ట్జ్ అని మాత్రం పెద్దక్షరాల్లో వేస్తాయి. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటి వినపడదు, నా వయసుకి 16 వినపడితే గొప్పే, శాంపిల్ రేటులో సగం దాకా సౌండ్ మోయొచ్చు, అంటే సీడీ రేటే 22 దాకా మోస్తుంది. నాకు 96 రేటు ఉంటే ధారాళం.

విండోస్‌లో ఒక సెట్టింగ్ కూడా రాసిపెట్టుకోవాలి, లేకపోతే మర్చిపోతా. ప్లేయర్‌లో వాసాపీ ఎక్స్‌క్లూజివ్, అంటే పాటని మిక్సర్‌లో కలపకుండా నేరుగా డాక్‌కి పంపే పద్ధతి, పెట్టకపోతే విండోస్ మిక్సర్ అన్నిటినీ ఒకే రేటుకి మార్చేస్తుంది, అక్కడ 48,000 అని ఉంటే సీడీ పాట కూడా అలాగే మారి వెళ్తుంది. నిజం చెప్పాలంటే ఆ తేడా నేను పట్టగలనో లేదో, కానీ ఉన్నది ఉన్నట్టు వెళ్తోందంటే మనసుకి అదో తృప్తి.

సాయంత్రానికి ఆర్డర్ పెట్టేశా. స్పీకర్లకి కలిపాక పరికరాల గ్రౌండ్లు చుట్టులా కలిసే గ్రౌండ్ లూప్ వల్ల హమ్ వస్తే అప్పుడు దాన్ని తెంచే ఐసోలేటర్ సంగతి చూద్దాం, ముందే కొనను. పెట్టె వచ్చేలోపు ఫైళ్ళకి పేర్లు పెట్టాలి, "ట్రాక్ 01" అనేవే వందల్లో ఉన్నాయి, దానికి ఏ ప్రాసెసరూ సాయం రాదు, తమ్ముణ్ణే పిలవాలి.