దగ్గులో దొరికిన గొంతు

జలుబు, జ్వరం తగ్గిపోయినా నా గొంతు మాత్రం తిరిగి రాలేదు. హైస్కూల్లో తెలుగు చెప్పే నాకు పద్యం ఎత్తుకుంటే గుసగుస తప్ప ఏమీ పలికేది కాదు. ఈఎన్‌టీ డాక్టరు గారు ముక్కులోంచి సన్నని గొట్టం పంపి చూసి, స్వరతంత్రుల మీద బొడిపెలు గానీ, వాపు గానీ, పక్షవాతం గానీ లేవని చెప్పారు. ఇంట్లో అందరి మనసూ కుదుటపడింది. అయితే “రిపోర్టులో ఏమీ లేదట” అన్న మాట బంధువుల్లో పాకి, చివరికి నేను కావాలనే మాట్లాడటం లేదన్న అనుమానంగా మారింది. జబ్బుకన్నా అదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

డాక్టరు గారు నన్ను స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపారు. ఆమె ముందుగా, “ఒకసారి దగ్గండి మేడం” అన్నారు. ఖంగుమని దగ్గు వచ్చింది. గొంతు సవరించుకోమన్నారు, నీళ్లు పోసుకుని గరగరమని పుక్కిలించమన్నారు; ప్రతిసారీ స్వరం పలికింది. దగ్గినప్పుడు రెండు తంత్రులూ గట్టిగా కలుస్తున్నాయంటే అవి పనిచేయగలవని, మాట్లాడబోయినప్పుడే మెడలోని కండరాలు బిగుసుకుని వాటిని కలవనివ్వడం లేదని ఆమె వివరించారు. తర్వాత స్వరపేటికకు రెండు వైపులా వేళ్లు ఆనించి, దాని పైఅంచుకూ గొంతు ఎముకకూ మధ్య సందులో మెల్లగా నొక్కగానే నేను విలవిల్లాడాను. ఆ సందు మూసుకుపోయినట్టు ఇరుకుగా ఉందన్నారు. ఏమీ లేదన్న చోట ఆమె వేళ్లకు తగిలినది ఉంది. నటనకు అలాంటి నొప్పి ఉండదు.

గొంతు సమస్య రోజువారీ జీవితాన్ని ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచే ప్రశ్నావళి ఒకటుంది; 1997లో రూపొందిన ఆ వాయిస్ హ్యాండిక్యాప్ ఇండెక్స్‌లోని 30 ప్రశ్నలకు, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు, ఇబ్బంది ఎంత ఎక్కువైతే అంత పెద్ద అంకె వేయించారు. గొంతు పోవడానికి ముందు ఇంట్లో, బడిలో ఏం జరిగిందో కూడా అడిగారు. అత్తయ్య మరణం గురించి, రెండు సెక్షన్లను ఒకే గదిలో కూర్చోబెట్టి అరుస్తూ పాఠం చెప్పడం గురించి కాగితం మీద రాసి ఇచ్చాను. అందరిలోనూ దుఃఖమే కారణమని అనుకోకూడదని ఆమె స్పష్టంగా చెప్పినందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

స్వరపేటికను కిందికి నిమురుతూ, పుక్కిలింతలో వచ్చిన శబ్దాన్నే “మ్” అని సాగదీయించారు. అది “మా” అయింది, “మామ” అయింది, ఆ తర్వాత అంకెలు వచ్చాయి. స్వరం ఆ రోజే పలికినా, తరగతిలో నిలబడటానికి వారాలు పట్టింది. మళ్లీ అవే ప్రశ్నలకు జవాబులు రాసినప్పుడు చాలావాటికి సున్నా వేయగలిగాను. రణగొణగా ఉన్న గదిలో నా మాట ఇతరులకు అర్థం కావడం కష్టమన్న ప్రశ్నకు మాత్రం వేయలేకపోయాను. అందుకే ఇప్పుడు తరగతిలో మైకు పెట్టుకుని పాఠం చెబుతున్నాను.