బ్యాటరీ వైరు తీసి పెట్టాక వణికిన ఇంజన్: మూడు ఆదివారాల పని

మా బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా పది వేల కిలోమీటర్లు దాటింది. చిన్నాచితకా పనులన్నీ ఇంటి ముందు కడప బండలు పరిచిన చోట నేనే చేసుకుంటాను, చేసిన ప్రతి పనీ తేదీ వేసి నోటు పుస్తకంలో రాస్తాను. ఈసారి రాసింది పెద్దదైంది. బ్యాటరీ విప్పి మళ్లీ తగిలించాక ఇదే తిప్పలు పడుతున్నవాళ్లకు పనికొస్తుందని మొత్తం పెడుతున్నా.

మేలో ఇరవై రోజులు బెంగళూరులో చెల్లెలి ఇంట్లో ఉండాల్సి వచ్చింది. బండి కదలకుండా పడి ఉంటే బ్యాటరీ దిగిపోతుందని, పోయే ముందు నెగటివ్ టెర్మినల్ 10 ఎంఎం స్పానర్‌తో విప్పి, పోస్టుకు తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టా. తిరిగొచ్చాక పాజిటివ్ వైపు కూడా విప్పి, టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లు, వంటసోడాతో కడిగి, బాగా తుడిచి, వ్యాసలీన్ పూసి బిగించా. విప్పేటప్పుడు ముందు నెగటివ్, తగిలించేటప్పుడు ముందు పాజిటివ్, ఇది ఎప్పుడూ మర్చిపోకూడదు, స్పానర్ పొరపాటున బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి.

ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అయింది. గడియారం సున్నాకు పోయింది, డ్రైవర్ వైపు అద్దం ఆటోమేటిక్‌గా పైకి లేవడం మానేసింది, అవి మామూలే. అసలు సంగతి మరుసటి రోజు తెలిసింది. నాయనను కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోతుంటే, ఇంజన్ వేడెక్కిన తర్వాత కడప ఏడు రోడ్ల దగ్గర క్లచ్ తొక్కగానే ఆర్పీఎం 500కు పడి, బండంతా వణికి, ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఆగింది. వెనక ఆటోవాళ్లు ఒకటే హారన్. "ఏమిరా, బండి ఇట్ల వణుకుతాంది?" అన్నాడు నాయన డ్యాష్‌బోర్డు పట్టుకుని. మూడుసార్లు ఆగింది ఆరోజు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని పక్కన పెట్టుకుని నడిరోడ్డు మీద అట్లా ఆగిపోతే ఎంత టెన్షనో చెప్పలేను.

తెలిసిన షెడ్డులో చూపిస్తే "అన్నా, ఈసీఎం పోయింటాది, సెకండ్ హ్యాండ్‌ది పన్నెండు వేలకు దొరుకుతాది" అన్నాడు. ఈసీఎం అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్. వైరు విప్పక ముందు బాగున్న బండి, తగిలించగానే ఈసీఎం పోవడమేమిటని నాకు మనసొప్పలేదు. ఇంటికి తెచ్చుకున్నా.

మొదటి ఆదివారం అంతా కరెంటు వైపే చూశా. మల్టీమీటర్‌తో బ్యాటరీ 12.5 వోల్టులు, ఇంజన్ నడుస్తుంటే 14.1, అంటే బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ బాగున్నాయి. క్లాంపులు చేత్తో తిప్పితే కదలడం లేదు. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, ఇంకో కొన ఇంజన్ బ్లాకుకు పెట్టి సెల్ఫు కొట్టమంటే 0.2 వోల్టు చూపించింది, అర వోల్టు దాటితే ఎర్తు వైరు అనుమానించాలి, కాబట్టి అది కూడా కాదు. రోజంతా పోయింది కానీ బిగింపు తప్పు కాదని తేలింది.

రెండో ఆదివారం నోటు పుస్తకం తిరగేస్తుంటే విషయం దొరికింది. మార్చిలో ఈసీఎం లెక్కలు ఫోనులో చూపించే బ్లూటూత్ ఈఎల్ఎం 327 స్కానర్ పెట్టి రాసుకున్న రీడింగుల్లో, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 16 శాతం అని ఉంది. ఇంజన్ లైటు వెలగలేదు, బండి బాగానే నడుస్తోంది, అందుకే అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. ట్రిమ్ అంటే ఏమిటంటే, ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఈసీఎం పెట్రోలు ఎంత ఎక్కువ పోయాలో ఎంత తగ్గించాలో నేర్చుకుని గుర్తుపెట్టుకునే లెక్క. అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే పర్వాలేదు. 16 అంటే చాలావరకు ఎక్కడినుంచో లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోంది, దానికి సరిపోయేంత పెట్రోలు ఈసీఎం ఓపిగ్గా కలుపుకుంటూ వస్తోంది. మా బండిలో ఆ లెక్క బ్యాటరీ కరెంటు ఉన్నంతవరకే నిలుస్తుంది. ఇరవై రోజులు వైరు తీసేసరికి తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు స్కానర్ పెడితే లాంగ్ టర్మ్ సున్నా, అప్పటికప్పుడు చేసే సర్దుబాటు, అంటే షార్ట్ టర్మ్, మాత్రం పైకీ కిందకీ పరుగులు పెడుతోంది. పొద్దున చల్లటి ఇంజన్ బాగా నడిచి, వేడెక్కాకే ఎందుకు ఆగుతోందో కూడా ఇక్కడే అర్థమైంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఐడిల్ కూడా పైన ఉంటుంది, అందుకని లోపం బయటపడదు.

అంటే బ్యాటరీ విప్పడం వల్ల ఏదీ చెడిపోలేదు, ఎప్పటినుంచో ఉన్న జబ్బు కనబడిందంతే. ఇది తెలిశాక నిజంగా సంతోషమేసింది, పన్నెండు వేలు మిగిలినందుకు మాత్రమే కాదు.

ఆర్పీఎం 2500 దగ్గర పట్టుకుంటే షార్ట్ టర్మ్ నాలుగైదు శాతానికి దిగింది, ఐడిల్‌కు వదిలితే మళ్లీ ఎగబాకింది. గాలి లీకుకు ఇది గట్టి గుర్తు, ఎందుకంటే ఐడిల్‌లో లోపలికి పోయే మొత్తం గాలే తక్కువ, అందులో లీకు వాటా పెద్దది. ఒక్క మాట, మా బండిలో గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉంది కాబట్టి ఇట్లా తెలిసింది. ఇన్‌టేక్ లోపలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ మాత్రమే ఉన్న బండ్లలో లీకు ఉంటే ట్రిమ్ కంటే ఐడిల్ పెరగడమే ఎక్కువగా కనిపిస్తుంది. లీకు వెతకడానికి కార్బ్ క్లీనర్ కొట్టేవాళ్లున్నారు, వేడి ఇంజన్ మీద అది అంటుకుంటుంది, నాకు భయం. ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రే సీసాతో, వైరింగ్ కనెక్టర్లకు తగలకుండా, ఒక్కో పైపు మీద సన్నగా కొట్టుకుంటూ పోయా. ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ పైపు మలుపు దగ్గర కొట్టగానే ఇంజన్ తడబడింది. పీకి చూస్తే కింది వైపు, కంటికి కనబడని చోట, వేలెడు పొడవున చీలిక. ఇక్కడి ఎండలకు, ఇంజన్ వేడికి రబ్బరు ఎండు మామిడి ఒరుగులా అయిపోయింది.

మూడో ఆదివారానికి పైపు తెచ్చా, 180 రూపాయలు. దాంతోపాటు ఇంజన్‌లోకి గాలిని వదిలే రేకు ఉండే థ్రాటిల్ బాడీ కూడా విప్పా, రేకు అంచు చుట్టూ నల్లటి మడ్డి పట్టి ఉంది. ఆ మడ్డి గాలి దారి మూస్తుంటే, ఈసీఎం రేకును కొంచెం ఎక్కువ తెరిచి సర్దుకుంటూ వచ్చేది, ఆ సర్దుబాటు కూడా మర్చిపోయింది. క్లీనరును గుడ్డకు కొట్టి తుడిచా. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును వేలితో నెట్టకండి, లోపలి గేర్లు ప్లాస్టిక్‌వి.

బిగించి స్టార్ట్ చేస్తే ఆర్పీఎం 1300! మొదట గుండె జారింది, కానీ మడ్డి ఉన్నప్పుడు ఈ రెండు వారాల్లో నేర్చుకున్న లెక్కతో శుభ్రమైన రేకును తెరుస్తోందని తట్టింది. నెగటివ్ మళ్లీ విప్పి అరగంట ఆగి తగిలించా. తర్వాత ఏసీ, లైట్లు, ఫ్యాను అన్నీ ఆపి, యాక్సిలరేటర్ ముట్టకుండా న్యూట్రల్‌లో వదిలేశా. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా పావుగంట పట్టింది. అప్పుడు ఏసీ వేసి ఐదు నిమిషాలు, హెడ్‌లైట్లు వేసి ఇంకో ఐదు నిమిషాలు, తర్వాత ఆపి, నిమిషం ఆగి మళ్లీ స్టార్ట్. 750 దగ్గర ముల్లు నిలబడింది. ఈ పద్ధతి మా బండికి సరిపోయింది, కొన్ని మోడళ్లకు వేరే వరస ఉంటుంది, మీ బండి మాన్యువల్ చూసుకోండి. అద్దానిది సులువు, పూర్తిగా పైకి లేపి స్విచ్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే మళ్లీ ఆటో వచ్చింది.

బ్యాటరీ విప్పేటప్పుడు మెమరీ పోకుండా, స్కానర్ పెట్టే ఓబీడీ సాకెట్‌కు తగిలించే పరికరాలు అమ్ముతున్నారు, ఒక స్నేహితుడు కొనమన్నాడు. నాకిష్టం లేదు. అది ఉండుంటే ఆ చీలిక ఇంకా అట్లే ఉండేది.

మరుసటి రోజు పొద్దున నాయనను ఎక్కించుకుని రాయచోటి రోడ్డు పట్టా. ట్రిమ్ కుదురుకోవాలంటే రకరకాల వేగాల్లో తిప్పాలి, దానికి గువ్వలచెరువు ఘాట్ కంటే మంచి దారి మాకు ఇంకోటి లేదు, ఎక్కేటప్పుడు సెకండ్ గేరు, దిగేటప్పుడు గేరులోనే కాలు తీసేసి జారడం. లారీ వెనక ఆగి ఆగి ఎక్కినా ఒక్కసారి కూడా ఆఫ్ కాలేదు. పైన పాలకోవా కట్టించుకుని తిరిగొచ్చాం. ఇంటికొచ్చాక రీడింగ్: ఐడిల్ 740, లాంగ్ టర్మ్ ప్లస్ 3. పుస్తకంలో రాసేశా, నెల తర్వాత మళ్లీ తీస్తా. ఈసారి ఎనిమిది దాటితే ఇన్‌టేక్ గ్యాస్కెట్ విప్పి చూస్తా.