రూల్ ప్రకారమే ఆడాం సార్

ఆఫీసు జట్ల క్రికెట్ టోర్నమెంట్‌కి రూల్స్ సవరించే పని పోయినసారి నా నెత్తిన పడింది. కారణం ఒక్క మ్యాచ్. రెండో ఇన్నింగ్స్‌లో ఐదు ఓవర్లు పూర్తికాకుండా వెలుతురు పోతే చెరో పాయింట్ అని మా రూల్. సెమీస్ చేరడానికి ఆ ఒక్క పాయింట్ చాలిన జట్టు, ఎదుటివాళ్లు దంచికొడుతుంటే బంతి బంతికీ ఫీల్డింగ్ మార్చింది, లేసులు కట్టుకుంది, మంచినీళ్లు తెప్పించుకుంది. ఈలోగా చీకటి పడింది. "ఏ రూల్ తప్పాం సార్?" అన్నాడు కెప్టెన్. నిజమే, ఏదీ తప్పలేదు.

ఫిర్యాదు చేసినవాళ్లు 1979 నాటి ముచ్చట పట్టుకొచ్చారు. ఇంగ్లండ్‌లో ఒక కప్పు మ్యాచ్‌లో సోమర్‌సెట్ కెప్టెన్ బ్రయాన్ రోజ్, పాయింట్లు సమమైతే లెక్కలోకొచ్చే తమ వికెట్లు తీసే రేటు దెబ్బతినకుండా ఒక్క ఓవర్ ఆడి డిక్లేర్ చేశాడు, అంటే తమ ఇన్నింగ్స్ తామే ముగించేశారు. రూల్స్ అడ్డుచెప్పలేదు. అయినా బోర్డు ఆ జట్టును టోర్నీ నుంచి పంపేసింది. వీళ్లనీ పంపేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. రాయని రూల్‌తో శిక్షించడం మొదలుపెడితే, రేపు కమిటీకి నచ్చనివాడల్లా దోషే. ఫలితం అలాగే ఉంచాం. తిట్లు బాగానే పడ్డాయి.

అసలు తలనొప్పి సవరణ రాయడంలో. లేసులకిన్ని సెకన్లు, నీళ్లకిన్ని అని రాసుకుంటూ పోయాను. అంపైర్ చదివి, "కళ్లజోడు తుడుచుకుంటే?" అన్నాడు. తర్వాత ఆయనే చెప్పాడు, అసలు క్రికెట్ చట్టాల్లో దీనికి మందుంది: కావాలని కాలం వృథా చేస్తే ముందు హెచ్చరిక, మళ్లీ చేస్తే 5 పరుగుల పెనాల్టీ దాకా. మా రూల్స్‌ని రెండు పేజీలకి కుదించిన మహానుభావులెవరో దాన్ని కొట్టేశారు!

"కావాలని చేశారో లేదో అంపైర్ ఎలా తేలుస్తాడు?" అని కమిటీలో పేచీ. ఫుట్‌బాల్‌లో తేలుస్తున్నారుగా అన్నాను. సొంత జట్టువాడు కాలితో ఇచ్చిన పాస్‌ని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదని 1992లో తెచ్చారు. దాన్ని ఏమార్చడానికే బంతిని కాలితో లేపి తలతో కీపర్‌కి అందిస్తే పసుపు కార్డే. ఎందుకు చేశాడన్నది రిఫరీయే చూసుకుంటాడు.

డ్రాఫ్ట్‌ని ఆ కెప్టెన్‌కే ఇచ్చి లొసుగులు వెతకమన్నాను. కొందరికి ఇది అస్సలు నచ్చలేదు. అతను చదువుతూనే, "బ్యాటింగ్ వాళ్లు కాలయాపన చేస్తే?" అన్నాడు. అదీ చేర్చాం. చెరో పాయింట్ రూల్ మాత్రం తీసేయాలనే అన్నాను. మిగిలిన ఓవర్లు మరో రోజు ఆడిద్దామంటే గ్రౌండ్ దొరకదంటున్నారు, అది ఇంకా తేలలేదు.