నాలుగో రోజు గుత్తులు

ఇవాళ పొద్దున, బీ కణాలకు (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) వైరస్ వేసిన ఫ్లాస్కును మైక్రోస్కోపు కింద పెట్టగానే పెరుగుతున్న కణాల గుత్తులు కనిపించాయి. నాలుగో రోజుకే! మధ్యలో ఒత్తుగా, నల్లగా ఉన్నాయి. అంచుల్లో ఒక్కో కణం గుండ్రంగా మెరుస్తోంది. పక్క ఫ్లాస్కులో వైరస్ వేయని బీ కణాలు మాత్రం చాలావరకు చచ్చి, ముక్కలై అడుగున పడి ఉన్నాయి. రెండింట్లోనూ ఒకే మనిషి రక్తం, ఒకే మీడియం, అదే 37 డిగ్రీలు. తేడా అల్లా ఎప్‌స్టైన్-బార్ వైరస్ ఒక్కటే. పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఒంట్లో జీవితాంతం ఉండే వైరస్ ఇది.

కొత్తగా ల్యాబుకు వచ్చిన పిల్లలు, వైరస్ మన జన్యువును ఎక్కడో విరగ్గొట్టి ఉంటుందని అనుకుంటారు. బీ కణాలకు వచ్చే క్యాన్సర్ అయిన బర్కిట్ లింఫోమా గురించి చదివి వస్తారు కాబట్టి అలా అనుకోవడం సహజమే. 1964లో ఈ వైరస్ మొదట కనిపించింది ఆ గడ్డ కణాల్లోనే. అక్కడ నిజంగానే 8వ క్రోమోజోము తెగి, కణాన్ని విభజన వైపు తోసే మిక్ జన్యువు యాంటీబాడీ జన్యువుల పక్కకు చేరుతుంది. నా ఫ్లాస్కులో గుత్తులు కట్టడానికి మాత్రం ఏదీ తెగనక్కర్లేదు. మిక్ డీఎన్‌ఏలో ఒక్క అక్షరం కూడా మారనక్కర్లేదు.

మరి ఏం జరుగుతుంది? వైరస్ తయారుచేసే మొదటి ప్రొటీన్లలో ఎబ్నా-2 ఒకటి. డీఎన్‌ఏను సొంతంగా పట్టుకోవడం దానికి చేతకాదు. మన కణంలోనే ఆర్‌బీపీ-జే అనే ప్రొటీన్ ఉంది, దానికి డీఎన్‌ఏ మీద ఎక్కడ ఆనుకోవాలో తెలుసు. ఎబ్నా-2 వెళ్లి దాన్ని పట్టుకుంటుంది. అసలు అది నాచ్ ప్రొటీన్ కూర్చునే చోటు. నాచ్ బయటి నుంచి సంకేతం వస్తేనే వస్తుంది, పని కాగానే పోతుంది. ఎబ్నా-2 ఏ సంకేతం కోసమూ ఆగదు. మిక్‌కు 4 లక్షల అక్షరాలకు పైగా దూరంలో ఉన్న స్విచ్‌ల మీద అది చేరితే, మధ్యలో ఉన్న డీఎన్‌ఏ ఉచ్చులా వంగి, ఆ స్విచ్‌లు వచ్చి మిక్‌ను ఆనుకుని దాన్ని ఆన్ చేస్తాయి. ఇది మొదటిసారి అర్థమైన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వైరస్ చేసే మిగతా ప్రొటీన్లు దానికి తోడు. ఎబ్నా-3ఏ, 3సీ కలిసి కణాన్ని చావమనే జన్యువును, విభజనకు బ్రేకు వేసే జన్యువును నోరు నొక్కేస్తాయి. ఎల్‌ఎమ్‌పీ-1 అయితే టీ కణం (బీ కణాలకు తోడ్పడే, సోకిన కణాలను చంపే మరో రకం తెల్ల రక్తకణం) పక్కనే ఉండి ప్రోత్సహిస్తున్నట్టు బీ కణాన్ని నమ్మిస్తుంది.

ఆ టీ కణాల సంగతి నాకు అనుభవంలో తెలిసింది. ఒకసారి టీ కణాలను అణచే మందు సైక్లోస్పోరిన్ కలపడం మరిచిపోయాను. చక్కగా పెరుగుతున్న గుత్తులు కొన్ని వారాలకు చెదిరిపోయి, ఫ్లాస్కంతా చెత్తే మిగిలింది. రక్తం ఇచ్చిన మనిషికి వైరస్ పాత పరిచయమే. ఆ రక్తంలోని టీ కణాలు, వైరస్ సోకిన బీ కణాలను గుర్తుపట్టి చంపేశాయి. మనలో చాలామందికి ఈ వైరస్ వల్ల ఏమీ కాకపోవడానికి ముఖ్య కారణం అదే. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లలో టీ కణాలను మందులతో అణచినప్పుడే కొందరికి లింఫోమా వస్తుంది. ఆరు వారాల పని పోయిందని ఆ రోజు బాధపడ్డాను కానీ, ఆ ఫ్లాస్కును పారేయడానికి మనసొప్పలేదు.

ఈ వారం ఇంకో రకం కణాలు కూడా పెంచుతున్నాను. వాటిలో ఎబ్నా-2 ఈస్ట్రోజెన్ ఉంటేనే పనిచేసేలా మార్చి ఉంటుంది. సోమవారం ఈస్ట్రోజెన్ కడిగేశాను. కణాలు బతికే ఉన్నాయి కానీ లెక్క పెరగలేదు, కణాలు పెరిగితే పసుపుకు తిరిగే మీడియం ఇంకా గులాబీ రంగులోనే ఉంది. మధ్యాహ్నం మళ్లీ ఈస్ట్రోజెన్ పోసి, మూత బిగించి, ఫ్లాస్కు మీద తేదీ రాసి లోపల పెట్టాను. ఆదివారం వచ్చి చూస్తాను, పసుపు రంగుకు తిరిగిందేమో.