సిద్దెలో నూనె

మత్తయి 25వ అధ్యాయంలో పదిమంది కన్యకలు దివిటీలు పట్టుకుని పెండ్లికుమారునికి ఎదురు వెళ్లిన ఉపమానం ఉంది. బుద్ధిగల ఐదుగురు సిద్దెల్లో విడిగా నూనె తీసుకెళ్లారు. బుద్ధిలేని ఐదుగురు తీసుకెళ్లక, అర్ధరాత్రి దివిటీలు ఆరిపోతుంటే నూనె కొనడానికి పరుగెత్తారు, ఈలోగా తలుపు మూసేశారు. అందుకే మెలకువగా ఉండమన్నాడు ప్రభువు. దాని మీద ప్రసంగమంటే చాలు, ‘నిద్రపోకండి, నిద్రపోకండి’ అని గొంతు చించుకుంటాం. వాక్యం చూస్తే, "పెండ్లికుమారుడు ఆలస్యము చేయగా వారందరు కునికి నిద్రించుచుండిరి." అందరూ! బుద్ధిగల ఐదుగురూ హాయిగా పడుకున్నవాళ్లే. తేడా అంతా సిద్దె దగ్గర వచ్చింది. సిద్దె అంటే పాతకాలంలో నూనె పోసుకునే తోలుబుడ్డి.

పాత తెలుగు బైబిల్లో ఇక్కడ ‘దివిటీలు’ అని ఉంటుంది. ఎంత చక్కటి మాటో! లూకా 12:35లో "మీ దీపములు వెలుగుచుండనియ్యుడి" అన్నచోట గ్రీకు మాట లుఖ్నోస్, ప్రమిద లాంటిది. మత్తయిలోది లంపాస్, దానికి మొదటి అర్థం కాగడాయే. ప్రమిదలో ఒకసారి నూనె పోసి, అప్పుడప్పుడు వత్తి ఎగదోస్తే గంటల తరబడి వెలుగుతుంది. దివిటీ అలా కాదు. కర్రకు చుట్టిన పేలికలు నూనె తాగి భగ్గున మండుతాయి, కాసేపటికే మళ్లీ పోయమంటాయి. పోయకపోతే కాలేది గుడ్డే. ముందు పొగ, మసి, కమురు వాసన, ఆ తర్వాత చీకటి. ఆదివారం పాటల్లో భగ్గుమని మంగళవారానికి గుడ్డ కాలిన వాసనేసే భక్తి మనకు తెలియనిదా?

అర్ధరాత్రి నూనె అమ్మేవాళ్ల దగ్గరికి పరుగు మన ఇళ్లలో ఆదివారం పొద్దున కనబడుతుంది. ఆటో వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాక పర్సు వెతుకుతాం. పాలకూ కేబుల్‌కూ పోగా మిగిలిన నలిగిన నోటు కానుక సంచిలో పడుతుంది. పౌలు చెప్పిన పద్ధతి ఇది కాదు. "ప్రతివాడును తాను వర్ధిల్లిన కొలది తనయొద్ద కొంత సొమ్ము నిలువ చేయవలెను" (1 కొరింథీ 16:2). తనయొద్ద అంటే ఇంట్లో, ముందే. జీతం పడిన రోజే, కూలైతే డబ్బు చేతికొచ్చిన సాయంత్రమే తీసి కవరులో పెట్టి, పైన తేదీ వేయాలి. అందులోంచి చేబదులు తీయడం మొదలైతే మూడో నెలకు కవరులో చీటీలే మిగులుతాయి.

అన్నట్టు, అదే అధ్యాయంలోని మరో ఉపమానంలో యజమాని దూరదేశం వెళ్తూ దాసులకు తలాంతులు అప్పగిస్తాడు. ఆ తలాంతంటే పాట పాడే నేర్పని పిల్లలకు పోటీలు పెడుతున్నాం. అది 6000 దేనారాల సొమ్ము. దేనారం ఒక రోజు కూలి (మత్తయి 20:2), అంటే దాదాపు ఇరవై ఏళ్ల కష్టార్జితం. యజమాని తిరిగొచ్చి చూసుకున్నది డబ్బు లెక్కే. కనీసం "సాహుకారులయొద్ద" అయినా ఉంచలేదేమని, సొమ్మును భూమిలో దాచిపెట్టిన దాసుణ్ణి అడిగాడు.

సిద్దె నింపుకోవడానికి పిడికెడు బియ్యాన్ని మించిన అలవాటు లేదు. మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘ స్త్రీలు 1910 నుంచీ ‘బుహ్‌ఫాయ్ థామ్’ పేరుతో ఇదే చేస్తున్నారు. ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి, కడగకముందే, ఒక పిడికెడు వేరే డబ్బాలో వేయాలి. తడి తగిలితే ముక్కిపోతాయి. పిడికెడు నలభై, యాభై గ్రాములుంటుంది. రెండు పూటలా తీస్తే నెలకు రెండున్నర నుంచి మూడు కిలోలు.

చెడగొట్టేది మన తెలివే. ఇంట్లో వండేది సోనా మసూరి, దేవుని డబ్బాలో పడేది స్టోరు బియ్యం. మరికొందరు నెలాఖరున ఒకేసారి కిలోల లెక్కన గుమ్మరించి సరిపెడతారు. బియ్యం తూకం సరిపోవచ్చు. కానీ అరవై సార్లు చెయ్యి ఆగి, ‘ఈ పిడికెడు నాది కాదు, ఆ మాటకొస్తే డబ్బాలోదేదీ నాది కాదు’ అనుకోవలసిన క్షణాలు పోయాయి. ప్రభువు అడిగిన మెలకువ ఆ చెయ్యి ఆగడంలో ఉంది. ఇంకో సంగతి, డబ్బాను మూడు నెలలు అటకమీద మరిచిపోతే పురుగు పడుతుంది. ఎండు వేపాకు వేసి మూత గట్టిగా పెట్టండి, నెల తిరక్కుండా సంఘానికి అప్పగించండి.