నేలపట్టు టీ కొట్టులో రెండు గంటలు

కెమెరా కార్డులో 1,224 ఫోటో ఫైళ్లు ఉన్నాయి. ఫోన్‌లోకి కాపీ అయినవి చూస్తే 418. పక్షులు గూళ్లు పెట్టే నేలపట్టు చెరువు కట్ట దిగి వచ్చి, టీ కొట్టు బల్ల మీద కూర్చుని మూడుసార్లు లెక్క చూసుకున్నాను. మూడుసార్లూ అదే అంకె. అప్పటికి కార్డు రీడర్ పీకి బ్యాగులో పెట్టేశాను, ఆటో అతనికి ఫోన్ చేద్దామని లేచాను కూడా. ఎందుకో అనుమానం వచ్చి ఫోల్డర్ తెరిచాను. తెరవకపోయి ఉంటే రాత్రి హైదరాబాద్ రైలెక్కి, అన్నీ రెండు చోట్లా ఉన్నాయన్న ధైర్యంతో నిద్రపోయేవాణ్ణి.

ముందు రోజంతా పులికాట్ సరస్సు దగ్గరే గడిచింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకి రెండు వైపులా నీళ్లు, ఎక్కడో దూరంగా గులాబీ రంగు గీతలా రాజహంసలు. నా లెన్స్‌కి అందలేదు. ఆ రోజు గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

నేలపట్టు అలా కాదు. పొద్దున్నే బస్సులో దొరవారిసత్రంలో దిగాను. అక్కడి నుంచి ఆటోకి రానూపోనూ 500 అడిగితే బేరమాడి 400కి ఒప్పించాను. ఉన్న దూరానికి అదీ ఎక్కువే, మా కోనసీమలో అయితే అంత దూరానికి షేర్ ఆటోలో 20 రూపాయలు ఇస్తాం. కట్ట ఎక్కేసరికి ఆ కోపం మర్చిపోయాను. చెరువులో నీళ్ల మధ్య కడప చెట్లు, ప్రతి కొమ్మ మీదా గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు. కొమ్మలన్నీ రెట్టతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఈ పక్షులు మేతకి పులికాట్ దాకా వెళ్లి, చేపలు మింగి, పిల్లల కోసం ఇక్కడికి తిరిగొస్తాయి. ఒక గూటి దగ్గర తల్లి వాలగానే పిల్ల తన తలని మెడ దాకా తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది. సంచి లోపల పిల్ల తల అటూ ఇటూ కదులుతుంటే బయటికి కనిపిస్తోంది. తల్లి కళ్లు మూసుకుని ఊగుతూ నిలబడింది. ఆ ఒక్క గూటి దగ్గరే గంటన్నర ఉండిపోయాను. 612 ఫోటోలు. ఒక్కోటీ రా (కెమెరా పట్టిన అసలు ఫైలు) ఒకటి, మామూలు జేపెగ్ ఒకటి కాబట్టి 1,224 ఫైళ్లు, మొత్తం 20 జీబీ దాకా వచ్చాయి.

నా కెమెరాకి కార్డు స్లాట్ ఒక్కటే. అందుకే షూటింగ్ చేసిన చోటు వదిలే ముందే ఫోన్‌లోకి ఎక్కించుకోవడం అలవాటు చేసుకున్నాను. ఈ అలవాటు ఊరికే రాలేదు. మూడేళ్ల కిందట కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాను. వెదురుతో ఎత్తుగా కట్టి, దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చే పదకొండు ప్రభలు అక్కడ కలుస్తాయి, ప్రభని భుజాల మీద మోస్తూ కౌశిక నది దాటిస్తుంటే చూడాలి. మా తాతయ్య తలపాగా చుట్టుకుని, ఎండకి ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని ప్రభ వంక చూస్తూ నిలబడ్డాడు. అలాంటివి ఆయనవి ఏడెనిమిది తీశాను. ఇంటికొచ్చి కార్డు లాప్‌టాప్‌లో పెడితే ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడిగింది. రికవరీ చేసే షాపులో 4,500 తీసుకుని సగం ఫోటోలు ఇచ్చారు. వాటిలో తాతయ్య లేడు. ఆ ఎండాకాలమే ఆయన పోయాడు. ఆ రోజు తీర్థంలో జీళ్లు తింటూ ఖాళీగా కూర్చున్న అరగంట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఫోన్ జేబులోనే ఉంది. ఆ అరగంట సరిపోయేది.

మొదట్లో కెమెరా వైఫైతో ఎక్కించేవాణ్ణి. యాప్ దానంతటదే పంపేవి చిన్న సైజు జేపెగ్‌లని చాలా రోజుల తర్వాత తెలిసింది. వాట్సాప్‌లో పంపుకోవడానికి బాగుంటాయి, దాచుకోవడానికి పనికిరావు. ఒరిజినల్స్ వైఫైలో పంపాలంటే కెమెరా బ్యాటరీ అయిపోతుంది. తర్వాత హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో 650 పెట్టి టైప్ సి కార్డు రీడర్ కొన్నాను. కార్డు ఎడమ పక్కన ఉండే బుల్లి లాక్‌ని కిందికి జరిపి, అప్పుడు ఫోన్‌కి పెడతాను. లేకపోతే కొన్ని ఫోన్లు కార్డులో తమ సొంత ఫోల్డర్లు సృష్టించేస్తాయి. లాక్ వేస్తే ఫోన్ కార్డుని చదవగలదు గానీ దాని మీద ఏమీ రాయలేదు, పొరపాటున వేలు తగిలినా ఏదీ డిలీట్ కాదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకుని కూడా 418 దగ్గర ఆగిందంటే కారణం బ్యాటరీ. ఫోన్ 17 శాతానికి దిగింది. బ్యాటరీ సేవర్ ఆన్ అయింది, స్క్రీన్ ఆరిపోగానే వెనకాల నడుస్తున్న కాపీని ఆపేసింది. ఆగిందని ఒక్క మాటైనా చెప్పలేదు. స్క్రీన్ వెలిగించేసరికి యాప్ మొదటి పేజీకి వచ్చి ఉంది, నేను అయిపోయిందనుకున్నాను. నాకు ఒళ్లు మండింది అక్కడే. చెయ్యలేకపోతే చెప్పాలి కదా.

చార్జింగ్ పెడుతూ కాపీ చేద్దామంటే ఫోన్‌కి ఉన్నది ఒక్క రంధ్రం. అందులో రీడరైనా పెట్టాలి, చార్జరైనా పెట్టాలి. టీ కొట్టు పెద్దమ్మని అడిగితే ఫ్రిజ్ ప్లగ్ పీకి నాది పెట్టుకోమంది. వద్దన్నా వినలేదు. “ఒక గంట ఫ్రిజ్ లేకపోతే ఏమవద్ది నాయనా, చలికాలమేగా.” గంట కూర్చున్నాను. రెండు టీలు, నాలుగు బజ్జీలు. బజ్జీలు ఐదు రూపాయలకొకటి, మిరపకాయ కారం నిజంగా కారంగా ఉంది.

65 శాతం ఎక్కాక మళ్లీ రీడర్ పెట్టాను. బ్యాటరీ సేవర్ తీసేశాను, స్క్రీన్ ఆరకుండా సెట్ చేశాను, ఫోన్‌ని ఎండలోంచి నీడలోకి జరిపాను. మొత్తం మొదటి నుంచి. పక్కనే కూర్చుని, స్క్రీన్ మీద అంకె పెరుగుతుంటే దాన్నే చూస్తున్నాను.

“ఆ చిన్న డబ్బా ఏంది నాయనా, ఇందాకట్నించి దాన్నే చూస్తా ఉండావు?”

ఫోటోలు కెమెరాలోంచి ఫోన్‌లోకి వెళ్తున్నాయని, ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుందని చెప్పాను. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. పాలు పొంగకుండా గరిటె తిప్పి, అప్పుడు అంది: “మా ఇంటాయనది ఓటరు కార్డు బొమ్మే ఉండాది. అదే పెద్దది చేయించి గోడకి పెట్టినాం. మొగం మసక. మనవరాలు ఇది తాతేనా అని అడుగుతాది.”

నేను మా తాతయ్య సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఇంట్లో కూడా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆమె విని, అడక్కుండానే ఇంకో టీ పోసి పెట్టింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

పద్దెనిమిది నిమిషాలకి కాపీ అయింది. 1,224. ఫోల్డర్ సైజు కూడా రెండు చోట్లా సరిపోయింది. మొదటి ఫోటో, మధ్యలో నాలుగు, ఆఖరుది తెరిచి చూశాను. ఆఖరుదాంట్లో పిల్ల తల బయటికొచ్చి ఉంది, ముక్కు చివర చేప తోక. గ్యాలరీలో రా ఫైళ్లు కనిపించకపోయినా కంగారు పడక్కర్లేదు, ఫైల్ మేనేజర్‌లో ఉంటాయి. కార్డుని మాత్రం ఫార్మాట్ చెయ్యలేదు, చెయ్యను కూడా. ఇల్లు చేరి హార్డ్ డిస్క్‌లోకి వెళ్లేదాకా అది అలాగే పర్సులో ఉంటుంది. సాయంత్రానికి వేరే కార్డు వేశాను.

వెళ్లే ముందు పెద్దమ్మని ఫోటో తీస్తానన్నాను. ముందు వద్దంది. తర్వాత లోపలికెళ్లి మొహం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని వచ్చింది. మసిపట్టిన పాల గిన్నె పక్కకి జరిపి, తళతళలాడే స్టీలు గిన్నె తెచ్చి ముందు పెట్టింది. తీశాను. ఇలాంటి పనికి వైఫై చాలు, అర నిమిషంలో ఫోన్‌లోకి వచ్చింది. వాళ్లబ్బాయి నంబర్ చెబితే అక్కడే పంపించాను.

ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

“కొప్పు వదులుగా ఉండాది. ఇంకోటి తియ్యి.”

కొప్పు ముడేసుకుంటుంటే, పులికాట్ వైపు నుంచి గూడబాతులు బారులు కట్టి తిరిగొస్తున్నాయి. రెండోది తీసి, అదీ పంపించాకే ఆటో ఎక్కాను.