పెన్నేటి గట్టు మీద సిద్ధవటం

కడప నుంచి రాజంపేట, తిరుపతి వైపు పోయే పెద్దదారిలో భాకరాపేట తగులుతుంది. పదకొండో ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు) బెటాలియన్ ఉన్న ఊరు అదే. అక్కడ నేరుగా పోతే ఒంటిమిట్ట. ఎడమకు తిరిగితే పెన్నేటి వంతెన, వంతెన దాటితే సిద్ధవటం, అదే దారి పట్టుకుని పోతే బద్వేలు. కడప నుంచి మొత్తం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. సిద్ధవటం మీదుగా పోయే బద్వేలు బస్సు ఎక్కితే చాలు. ఎక్కేముందు కండక్టరును ఒకమాట అడగాలి, ఎందుకంటే కొన్ని బద్వేలు బస్సులు మైదుకూరు మీదుగా పోతాయి. గుంతకల్లు-రేణిగుంట లైనులో భాకరాపేటకు స్టేషను ఉంది గానీ, అది ఏటికి దక్షిణాన, ఊరు ఉత్తరాన. దూరం నుంచి రైల్లో వచ్చేవాళ్లు కడపలో దిగి బస్సు పట్టుకోవడమే మేలు.

ఏ గట్టు మీద ఉన్నామన్నది ఇక్కడ చిన్న సంగతి కాదు. కడప, భాకరాపేట, ఒంటిమిట్ట అన్నీ పెన్నకు దక్షిణపు గట్టున ఉంటే, సిద్ధవటం ఒక్కటీ ఉత్తరపు గట్టు, అంటే ఎడమ గట్టున ఉంది. గంగ ఒడ్డున కాశీ ఉన్న తీరూ ఇదే. సిద్ధవటాన్ని దక్షిణకాశి అని పిలవడానికి ఆ పోలికే కారణమని బ్రిటిషు కాలపు గెజిటీర్లు రాశాయి. శ్రీశైలానికి నాలుగు దిక్కుల నాలుగు ద్వారాలు చెబుతారు: తూర్పున త్రిపురాంతకం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం, దక్షిణాన సిద్ధవటం. ఈ దక్షిణ ద్వారపు సిద్ధేశ్వరాలయం ఊళ్లోని కోటలో లేదు, ఏటి ఒడ్డునే ఉన్న జ్యోతి గ్రామంలో ఉంది. కోటలో ఉన్న శివాలయం వేరు. రెంటినీ ఒకటే అనుకుని కోట చూసి వెనక్కి మళ్లేవాళ్లు చాలామంది.

పాలన సంగతి కొంచెం తికమక. సిద్ధవటం గ్రామపంచాయతీ, మండల కేంద్రం. అసెంబ్లీకి రాజంపేట నియోజకవర్గం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజంపేట అన్నమయ్య జిల్లాలోకి పోతే, సిద్ధవటం, ఒంటిమిట్ట మండలాలు కడప జిల్లాలోనే ఉండిపోయాయి. రాజంపేటను మళ్లీ కడప జిల్లాలో కలిపేదాకా ఓటు ఒక దిక్కు, కలెక్టరాఫీసు ఒక దిక్కుగా ఉండేది.

కలెక్టరాఫీసు ఒకప్పుడు ఈ ఊళ్లోనే ఉండేది. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాయి. 1808లో వాటిని బళ్లారి, కడప జిల్లాలుగా చీల్చారు. కడప జిల్లాకు మొదటి కేంద్రం సిద్ధవటమే. నాలుగేళ్లు కూడా నిండీ నిండకముందే, 1812లో, ఆఫీసులన్నీ కడపకు తరలిపోయాయి. అంతకుముందు మట్లి రాజుల కాలంలో ఇది రాజధాని. మట్టికోటను రాతికోటగా కట్టించింది మట్లి అనంతరాజని చెబుతారు. తర్వాత కడప నవాబుల చేతికి పోయింది. 1779లో హైదర్ అలీ కడప మీదికి వచ్చినప్పుడు నవాబు అబ్దుల్ హలీం ఖాన్ కడప వదిలి వచ్చి తలదాచుకున్నది ఈ కోటలోనే, లొంగిపోయిందీ ఇక్కడే. ఒకవైపు ఏరు, మిగతా మూడువైపులా కందకం ఉన్న కోట గనక దాక్కోవడానికి పనికొచ్చింది. ముట్టడి నెలల తరబడి సాగితే మాత్రం ఆ ఏరే బయటికి దారి లేకుండా చేస్తుంది.

కోట కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది. తూర్పున, పడమర ద్వారాలు, లోపల గుడి, మసీదు, బిస్మిల్లా షావలి దర్గా ఉన్నాయి. తొందర లేకుండా చూస్తే రెండు గంటలు. ఏటివైపు గోడ దగ్గరికి పోకుండా రావద్దు. కోటను అక్కడ ఎందుకు కట్టారో ఆ గోడ మీద నుంచి చూస్తేనే తెలుస్తుంది. లోపల నీడ తక్కువ, నీళ్ల సీసా వెంట ఉండాల్సిందే. కోట గురించి ఇంతకంటే చెప్పను, బోర్డు మీద ఉన్నది చదువుకోవచ్చు.

అసలు విషయం ఏరు. పెన్న మొత్తం పొడవు 597 కిలోమీటర్లు, కర్ణాటకలో నందికొండల్లో పుట్టి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. సిద్ధవటం దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. నీళ్లు వచ్చినప్పుడు అవి ఏ దారిన వచ్చాయో తెలుసుకుంటే ఎంతసేపు ఉంటాయో చెప్పొచ్చు. అసలు పెన్న నీళ్లను, గండికోట దగ్గర కలిసే చిత్రావతి నీళ్లను గండికోట, మైలవరం జలాశయాలు ముందే పట్టేస్తాయి. అవి నిండి గేట్లు ఎత్తితేనే కిందికి వస్తాయి. కుందేరు అట్లా కాదు. నంద్యాల నల్లరేగడి అంతా కడుక్కుని వచ్చి కమలాపురం వైపున పెన్నలో కలుస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సిద్ధవటం వంతెన కింద పారేది చాలావరకు దాని నీళ్లే. మూడోది పాపాఘ్ని. గాలివీడు, వేంపల్లె దిక్కున తుఫాను వాన పడితే ఒక్కసారిగా పొంగుతుంది, అంతే తొందరగా తగ్గుతుంది. 2021 నవంబరులో కమలాపురం దగ్గర వంతెనను కూల్చింది ఈ ఏరే. అదే వానలకు చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది గానీ, చెయ్యేరు పెన్నలో కలిసేది సిద్ధవటానికి చాలా దిగువన. ఆ వరద దెబ్బ తిన్నవి రాజంపేట, నందలూరు వైపు పల్లెలు. వార్తల్లో 'కడప జిల్లాలో వరద' అని వినగానే సిద్ధవటం మునిగిందేమోనని ఫోన్లు చేసేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకుంటే సగం కంగారు తగ్గుతుంది.

వరదరోజుల్లో చూడాల్సిన అంకె ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గర ప్రవాహం. ఊరికి పైన ఉన్న ఆనకట్ట అది. అక్కడ దాటిన నీళ్లు కొన్ని గంటల్లో వంతెన కిందికి వస్తాయి. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. కింద సోమశిల నిండు సామర్థ్యం 78 టీఎంసీలు, అంటే ఖాళీ జలాశయం నిండాలన్నా ఆ లెక్కన తొమ్మిది రోజులు. సోమశిల డ్యాము నెల్లూరు జిల్లాలో ఉన్నా దాని వెనుక జలాలు పైకి ఎగదన్ని ఒంటిమిట్ట, అట్లూరు, నందలూరు మండలాల పల్లెలను ముంచాయి. డ్యాము ఒక జిల్లాలో, మునక ఇంకో జిల్లాలో. ఈ కడుపుమంట ఆ పల్లెల్లో ఇప్పటికీ చల్లారలేదు.

నీళ్లు తీసిన తర్వాత ఇసుకపర్ర మీద దోసపండ్ల కాలం మొదలవుతుంది. సిద్ధవటం దోసపండ్ల పేరు పాత గెజిటీర్లకూ ఎక్కింది. ఇప్పుడు కడప బజార్లో అమ్మే దోసపండ్లలో ఎక్కువభాగం బోరు కింద, డ్రిప్పు, ప్లాస్టిక్ మల్చింగు వేసి పండించినవే. ఏటి ఇసుకలో పెట్టే పద్ధతి వేరు, దాని లెక్కలు వేరు.

డిసెంబరు చివర, జనవరిలో ఏరు చీలికలై పారేటప్పుడు గుంతలు తవ్వుతారు. గుంత లోతు అడుగున్నర నుంచి రెండడుగులు. పైన పొడి ఇసుక తీసేస్తే కింద చేతికి చల్లగా, పిడికిలి పట్టితే ఉండ కట్టే తడి ఇసుక తగలాలి. తడి తగలకపోతే ఇంకా తవ్వాలి. రెండున్నర అడుగులకూ తగలకపోతే ఆ జాగా వదిలేయడమే. మరీ లోతైన గుంతకు ఇసుక గోడలు నిలబడవు, గాలికి పూడిపోతుంది. సాలుకూ సాలుకూ ఆరడుగులు ఉండాలి. గుంత అడుగున బాగా చివికిన పశువుల ఎరువు, ఏటి ఒండ్రు కలిపి నాలుగైదు గంపలు వేసి కాలితో అదమాలి. చివకని ఎరువు వేస్తే ఇసుకలో వేడి పుట్టి మొలక మాడుతుంది. ఇసుకకు ఎరువును పట్టుకునే గుణం లేదు, అందుకే ఒండ్రు కలపడం. ఉత్త ఎరువు వేస్తే రెండు తడులకే సారమంతా కిందికి జారిపోతుంది.

విత్తనాలు ఒక రాత్రి నానేసి, తడిగుడ్డలో కట్టి, తెల్లటి మొన కనిపించాక గుంతకు నాలుగైదు పెడతారు. రెండాకులు దాటాక రెండు మొక్కలు ఉంచి మిగతావి గిల్లేయాలి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. పక్కన చెలమ తీసి, వేరు కిందికి దిగేదాకా కుండలతో నీళ్లు పోయాలి. ఆ తర్వాత తీగ కింది తడిని తనే వెతుక్కుంటుంది. పడమటి గాలికి ఇసుక ఎగిరి లేత ఆకుల్ని గీరుతుంది, అందుకే సాలు వెంబడి బోద గడ్డి దడి కడతారు. కాయ పిందె దాటాక కింద గడ్డి పరచకపోతే ఎండకు కాగిన ఇసుక కాయ చర్మాన్ని కాల్చి మచ్చ వేస్తుంది, ఆ మచ్చ దగ్గర కుళ్లు పడుతుంది.

మొదట కనిపించే శత్రువు ఎర్రపెంకు పురుగు. మొక్క రెండు మూడాకుల మీద ఉన్నప్పుడే ఆకుల్ని జల్లెడ చేస్తుంది. తెల్లవారుజామున మంచు తడి ఉండగా జల్లించిన పొయ్యి బూడిద చల్లితే అంటుకుని నిలుస్తుంది, ఎండెక్కాక చల్లితే గాలికి పోతుంది. పూత మీద ఉన్నప్పుడు పొద్దున పూట మందు కొట్టడం చాలామంది చేసే పొరపాటు. దోసపూలు విచ్చేది పొద్దున, తేనెటీగలు వచ్చేదీ అప్పుడే. ఈగలు చస్తే పూత ఉంటుంది, పిందె ఉండదు. కొట్టాల్సి వస్తే సాయంత్రం కొట్టాలి. పండుఈగ కుట్టిన కాయలను తోటలోనే పారేస్తే పురుగు ఇసుకలోకి దిగి మళ్లీ ఈగై లేస్తుంది. అడుగున్నర గుంతలో పూడ్చాలి.

కాయ కోతకు 75 నుంచి 90 రోజులు. తొడిమ చుట్టూ సన్నటి పగులు వచ్చి, బొటనవేలితో నొక్కితే విడిపోతే పూర్తిగా పండినట్టు. అది ఆ రోజే తినాలి, మహా అయితే మరునాడు. చెన్నైకి పంపే కాయను పగులు సగం వచ్చినప్పుడే కోస్తారు. సిద్ధవటం దారిపక్క అమ్మే పండు తియ్యగా, పట్నంలో అదే పండు చప్పగా ఉండటానికి సగం కారణం ఇది. కోతకు ముందు వారం నీళ్లు పోస్తే కాయ పగులుతుంది, తీపి పలచబడుతుంది.

ఈ పద్ధతి తగ్గిపోవడానికి కారణం బద్ధకం కాదు, ఇసుక. ఏటి ఇసుకలో మూడోవంతు పైన ఖాళీ జాగానే, అందులో నీళ్లు నిలుస్తాయి. పైన పొడి ఇసుక కప్పు ఉన్నంతకాలం కింది తడి ఆవిరి కాదు. ఆ కప్పు తవ్వి లారీలకు ఎత్తితే నీళ్లు బయటపడి ఎండకు పోతాయి, నీటిమట్టం దిగుతుంది, ఒడ్డు బావులూ దిగుతాయి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద వంతెనలకు, తాగునీటి పథకాలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదు. ఆ కొలత కాగితం మీద కచ్చితంగా ఉంటుంది, ఏట్లో మాత్రం రాత్రిపూట సాగుతూ ఉంటుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తవ్విన గుంతలు నీళ్లు వచ్చినప్పుడు పైకి కనిపించవు. మోకాలి లోతు అనుకుని నడిచినవాడు ఒక్క అడుగులో నిలువులోతుకు పోతాడు, గట్టు పట్టుకుంటే ఇసుక జారుతుంది. ఈత వచ్చినా సరే తెలియని చోట దిగకూడదు. సంక్రాంతి, శివరాత్రి స్నానాలకు ఊరివాళ్లు ఎక్కడ దిగుతున్నారో చూసి అక్కడే దిగాలి.

ఊరికి ఉత్తరాన లంకమల. ఎర్రచందనం కొండలు, దాని సంగతి అందరికీ తెలిసిందే. నాకు దానికన్నా కొండ కింది ముళ్లపొదలే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే కలివికోడి ఉండేది వాటిలో. 1848లో జెర్డన్ అనే వైద్యుడు లోకానికి చూపించిన పక్షి. 1900లో అనంతపురం దగ్గర కనిపించి మాయమైంది, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడికి చిక్కింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అక్కడ వెతుకుతున్న భరత్ భూషణ్ దాన్ని గుర్తించారు. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, 464 చదరపు కిలోమీటర్లు.

ఇది రాత్రి తిరిగే పక్షి, జానెడు పైన ఉంటుంది, పగలు పొద కింద కదలకుండా కూర్చుంటుంది. అందుకే పరిశోధకులు పక్షిని కాకుండా అడుగులను వెతికారు. పొదల మధ్య సన్నమట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వచ్చి కాలిగుర్తులు చూసేవారు, గుర్తు దొరికిన చోట కెమెరా పెట్టేవారు. తేలిందేమంటే, దీనికి దట్టమైన అడవీ పనికిరాదు, బోడినేలా పనికిరాదు. హెక్టారుకు పెద్ద పొదలు 300 నుంచి 700, చిన్నపొదలు వెయ్యి లోపు ఉన్న చోట్లే కనిపించింది. పొదలు కొట్టి నిమ్మతోట పెట్టినా పోతుంది, మేత మొత్తం ఆపేసి పొదలు కమ్ముకున్నా పోతుంది. మేకలను అడవిలోకి రానివ్వడమా మానడమా అన్న గొడవకు జవాబు ఈ రెండు అంకెల మధ్యలో ఎక్కడో ఉంది. తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పొదల మీదికి వచ్చినప్పుడు అభ్యంతరాలు లేచి దారి మార్చాల్సి వచ్చింది.

అడవిలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. ఎర్రచందనం నిఘా వల్ల చెక్‌పోస్టుల్లో ఊరికే వదలరు. అనుమతి లేకుండా కెమెరా వేసుకుని కొండ ఎక్కితే పక్షి కోసం వచ్చానన్న మాట ఎవరూ నమ్మరు. అడవిలో ఉన్న శివక్షేత్రం నిత్యపూజకోనకు వంతాటిపల్లె మీదుగా పోతారు, చివరి భాగం నడకే. శివరాత్రికి జనం ఉంటారు గనక కొత్తవాళ్లు అప్పుడు పోవడం సులువు.

ఏరు నిండుగా చూడాలంటే సెప్టెంబరు నుంచి నవంబరు, దోసపండ్లకు మార్చి, ఏప్రిల్. మేలో పొద్దున పది దాటాక కోటలో రాయి కాలు పెట్టనివ్వదు. భోజనం భాకరాపేటలోనో కడపలోనో చూసుకోవాలి. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం చైత్ర పున్నమి దగ్గర రాత్రిపూట జరుగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచే కడప-భాకరాపేట దారి బండ్లతో కిక్కిరిసిపోతుంది. కల్యాణానికి కాక సిద్ధవటం కోసమే వచ్చేవాళ్లు ఆ ఒక్కరోజు తప్పించి రావాలి, లేదా బద్వేలు వైపు నుంచి దిగాలి.